మూగబొమ్మల మాటగాడు

మొన్న మద్రాసులో ఒక కొత్త బొమ్మను మా స్టూడియోవాళ్ళకు వేసి చూపిస్తుంటే మధ్యలో శబ్దం ఆగిపోయింది. తెర మీద నాయిక పెదవులు ఆడిస్తూనే ఉంది, మాట మాత్రం రాదు. పెట్టుబడి పెట్టినాయన మిషనువాణ్ణి తిట్టడం మొదలుపెట్టాడు. నేను మాత్రం ఒళ్ళు మరిచి మోకాళ్ళ మీద హార్మోనియం మెట్లు నొక్కుతూ, తెరకు ఎడమ పక్కన చీకట్లోకి చూశాను. అక్కడ వాడుండాలి. చేతిలో వెదురు బెత్తం, పై గుండీ ఊడదీసిన చొక్కా, కాళ్ళకు చెప్పులుండవు, బుగ్గన కరుపట్టి బెల్లం ముక్క. వాడుంటే ఈపాటికి ఆ పిల్ల చేత నాలుగు మంచి మాటలు అనిపించి ఉండేవాడు. నవ్వు ఆపుకోలేక పైకే నవ్వేశాను. పెట్టుబడి పెట్టినాయన తిట్లు నావైపు తిరిగాయి.

ఇప్పటివాళ్ళకు విడమరిచి చెప్పాలి. బొమ్మలు మాట్లాడని రోజుల్లో డేరా సినిమాకు ఇద్దరు మనుషులు తప్పనిసరి. తెర పక్కన నిలబడి కథ చెప్పేవాడొకడు, తెర కింద కూర్చుని హార్మోనియం పెట్టె వాయించేవాడొకడు. కోవిల్‌పట్టి డేరాలో పెట్టె నాది, మాట వాడిది. ఇద్దరిదీ ఒకే ఈడు. ఇద్దరివీ నల్లరేగడిలో పత్తీ సజ్జా పండించుకునే తెలుగు ఇళ్ళు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ తెలుగు కూడా నోటితో మాట్లాడేదే గాని చేత్తో రాసేది కాదు. ఈ అక్షరాలు నేను మద్రాసు చేరాక నేర్చుకున్నవి. వాడి పేరు రాయను. ఊరంతా వాణ్ణి మాటగాడనే పిలిచింది, వాడికీ అదే ఇష్టం.

అబ్బ, ఏం మాట అది! బొంబాయి నుంచి ఫిల్ము డబ్బాలు రైల్లో దిగేవి. తెర మీద మధ్యమధ్య వచ్చే అక్షరాలు ఇంగ్లీషూ హిందీ. వాడికి రెండూ రావు. మిషను తిప్పే ఆయన కథ ఇంతని ముక్తసరిగా చెప్పేవాడు, మిగిలింది వాడు కల్పించుకునేవాడు. అక్షరాలు పడగానే బెత్తం ఊపి వాటిని పక్కకు నెట్టేసి సొంత మాట అందుకునేవాడు. వాడి కథల్లో గుర్రాలకు పేర్లుండేవి. ఆ గుర్రాలు వీపు మీద కూర్చున్న సేనాపతి బరువును గురించి గొణిగేవి. మంత్రి మా ఊరి కరణంలాగా ముక్కుతో మాట్లాడేవాడు. రాణి చెలికత్తెలు బావి దగ్గర ఆడవాళ్ళు మాట్లాడుకునే మాటలే మాట్లాడేవాళ్ళు, ఆడవాళ్ళ వైపు నుంచి కొంగులు నోట్లో కుక్కుకున్న నవ్వులు వినపడేవి.

డేరాలో ఏ చప్పుడైనా వాడికి పనికొచ్చేది. చంటిపిల్ల ఏడిస్తే, అంతఃపురంలో యువరాజు ఆకలికి ఏడుస్తున్నాడు వినండి అనేవాడు, ఆ తల్లి సిగ్గుపడకుండా బిడ్డకు పాలిచ్చుకునేది. పక్కనే రైలు కూతేస్తే శత్రువుల శంఖం మోగిందనేవాడు. ఒకసారి కరెంటిచ్చే ఇంజను చచ్చి తెర నల్లబడిపోయింది. జనం ఈల వేసేలోపలే రాజ్యానికి గ్రహణం పట్టిందని చెప్పి, ఆ చీకట్లోనే ఒక కుట్ర పన్నించి, కత్తి దూయించి, వెలుగు వచ్చేసరికి కథను మళ్ళీ బొమ్మకు అతికించాడు. నేను పెట్టె మీద పడి నవ్వుతున్నాను, వాయించడానికి చేతులు ఆడటం లేదు. "బొమ్మకు నోరు లేదు, మనకుండాది గదా" అనేవాడు ఎప్పుడూ. అన్నం తింటూ అనేవాడు, తల దువ్వుకుంటూ అనేవాడు.

ఇదంతా వాడి వెలుగు నెలల సంగతి. ఆ నెలల్లో వాడికి నిద్ర ఉండేది కాదు, అలుపు ఉండేది కాదు. ఆట అయ్యాక కూడా బండివాళ్ళకు, టీ నీళ్ళు కాచేవాళ్ళకు, నాకు, ఎవరూ లేకపోతే డేరా గుంజకు చెబుతూనే ఉండేవాడు. ఆ తర్వాత ఉన్నట్టుండి మాట చిన్నదయ్యేది. మొదట గుర్రాల పేర్లు పోయేవి. చెలికత్తెలు ఊరుకునేవాళ్ళు. వాక్యం సగంలో ఆగితే పెట్టెతో నేనే పూడ్చుకోవాల్సి వచ్చేది. చివరికి ఒకరోజు బెత్తం గుంజకు ఆనించి, ఊళ్ళో తల్లి దగ్గరికి వెళ్ళిపోయి, పత్తి నిలవచేసే గదిలో గోడవైపు తిరిగి కూర్చునేవాడు. తినమంటే తినేవాడు, లెమ్మంటే లేచేవాడు. ఏమడిగినా సరే అనేవాడు. ఎన్ని నెలలకో, ఒక ఉదయం మళ్ళీ బెత్తం పట్టుకుని డేరాకు వచ్చి, నిన్ననే వెళ్ళినట్టు గుర్రాన్ని పలకరించేవాడు. ఆ జబ్బు ఏమిటో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ దానికి పేరు తెలియదు.

ఇక్కడే మా పెద్దవాళ్ళు ఒక పొరపాటు చేశారు. మా నేలలో తప్ప ఇంకెక్కడా ఎవరూ చేయని పొరపాటని నా అనుమానం. మంచి రైతుకు లక్షణం తక్కువ మాట. పెద్దలు చెబితే తలూపాలి, ఎండలో పని చేసుకోవాలి, పెదవి విప్పకూడదు. అందుకని వాళ్ళ లెక్కలో వాడు వాగే నెలలు పిచ్చి నెలలు, గోడవైపు తిరిగి కూర్చున్న నెలలు బుద్ధి కుదిరిన నెలలు. వెలుగులో ఉన్నప్పుడు పట్టుకుపోయి తల గొరిగించి నిమ్మకాయలు రుద్దించేవాళ్ళు. వాడు ఆ నిమ్మకాయల చేత కూడా మాట్లాడించేవాడు. మాట పడిపోగానే, మందు పనిచేసిందని తల్లి ఇరుగుపొరుగుకు పొంగలి పంచేది. ఆ పొంగలి నేనూ తిన్నాను.

ఇది తప్పని తెలిసిన మనిషి ఒక్కతే, వాడి మేనమామ కూతురు. గట్టి పిల్ల, మాట తక్కువ, పత్తి తీయడంలో చేతివేగం ఎక్కువ. వెలుగు నెలల్లో వాడు మామ ఇంటికి పోయి, పెరట్లో పత్తి ఒలిచే ఆడవాళ్ళకు బొమ్మ కథ మొదటినుంచి చివరిదాకా చెప్పి వచ్చేవాడు. ఆమె తలెత్తి చూసేది కాదు. వాడు వెళ్ళిపోయాక ఆడవాళ్ళు మళ్ళీ కావాలంటే, వాడి విరుపులు, దగ్గులు, గుర్రాల గొణుగుడుతో సహా అప్పజెప్పేది. నేను ఒకసారి విని నోరు తెరిచాను. వాడి చీకటి నెలల్లోనూ వాళ్ళమ్మను వెంటబెట్టుకుని అత్తను చూసే నెపంతో వచ్చి, ఆ గది గడప మీద కూర్చుని పత్తి ఒలిచి పోయేది. ఒకనాడు నేను ఉండబట్టలేక, నీకు భయం లేదా అమ్మా అన్నాను.

"నాకు బావలు ఇద్దరుండారన్నా" అంది. "ఒకడు మాట్లాడతాడు, వానికి ఊరంతా ఉండాది. ఇంగొకడు మాట్లాడడు. వానికి నేను గూడా లేకపోతే ఎట్ట?"

ఆ మాట విన్నాక నాకు ఆ పిల్ల మీద గౌరవం పుట్టింది. అది ఇప్పటికీ తగ్గలేదు.

మా వాళ్ళలో మేనమామ కూతురి మీద మేనల్లుడికి హక్కు. ఉరిమె అంటాం. ఆ హక్కున్నవాడు తన చేత్తో ఆకువక్క మామకిచ్చి, నేను వదులుకున్నాను, ఎక్కడైనా ఇచ్చుకోండి అంటే తప్ప ఆ పిల్ల కోసం వేరే ఇంటివాళ్ళు గడప తొక్కరు. విళాత్తికుళం వైపు నుంచి ఒక మంచి ఇల్లు ఆమె కోసం ఎదురుచూస్తోంది. మామ చెడ్డవాడు కాదు. చెల్లెలి కొడుకంటే ప్రాణం. కాని కూతుర్ని ఆ పత్తి గది గడప మీద జీవితమంతా కూర్చోబెట్టడానికి ఏ తండ్రికి మనసొప్పుతుంది? ఒకసారి వెలుగు నెలలో అడగడానికి వచ్చాడు. వాడు మామను కూర్చోబెట్టి, ఒక బొమ్మ కథ మొత్తం చెప్పి, కత్తియుద్ధం దగ్గర లేపి నిలబెట్టి, చేతికి బెత్తం ఇచ్చి యుద్ధం కూడా చేయించి, బండెక్కించి పంపాడు. ఊరు చేరాక గాని మామకు తాను వెళ్ళిన పని గుర్తురాలేదు. బుద్ధి కుదిరినప్పుడే అడగాలని పెద్దలంతా తీర్మానించారు. బుద్ధి అంటే వాళ్ళ లెక్కలో ఏదో చెప్పాను కదా. ఆ నెలల్లో వాడు దేనికైనా సరే అంటాడు. ఆ పిల్ల భయమంతా అదే.

అప్పుడొచ్చింది ఆ బొమ్మ. ఒక రాజకుమారుడూ తోటమాలి కూతురూ ప్రేమించుకుంటారు. రాజు విడదీస్తాడు. కుర్రాడికి మతి చెదురుతుంది. ఆమె వెతుక్కుంటూ వస్తే గుర్తుపట్టడు, ఆమె ఇచ్చిన ఉంగరాన్నే వేలినుంచి తీసి ఆమె చేతిలో పెట్టేస్తాడు. ఆమె నడుచుకుంటూ పోయి ఏట్లో దిగుతుంది. అంతటితో సరి. కోవిల్‌పట్టిలో ఆ బొమ్మకు డేరా పట్టలేదు. జనం గుడ్డ బయట నిలబడి వాడి గొంతు విని పోయేవాళ్ళు. మతి చెదిరిన కుర్రాడి చేత వాడు ఎంత చక్కటి మాటలు అనిపించాడంటే, జనం నవ్వుతూ నవ్వుతూ ఉండి కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఆ మాటలన్నీ ఎక్కడినుంచి తెస్తున్నావురా అంటే, తేవడమెందుకు, ఇంట్లోవే అన్నాడు. మామ కూతురు వాళ్ళమ్మతో వచ్చి ఆడవాళ్ళ వైపు తెరచీర పక్కనే కూర్చుని చూసింది, మళ్ళీ వచ్చి చూసింది.

డేరా విరుదునగరుకు మారింది. విరుదుపట్టి అనే పాత పేరు ఇంకా అందరి నోళ్ళలో ఉన్న రోజులు. పత్తి బండ్లు, మిరపకాయల గోడౌన్లు. గాలి ఇటు తిరిగితే డేరా అంతా తుమ్ములు. మొదటివారం వాడు తెర మీద రాజు చేత కూడా తుమ్మించి జనాన్ని కడుపుబ్బ నవ్వించాడు. రెండోవారం ఎవరు తుమ్మినా పట్టించుకోలేదు. గుర్రాల పేర్లు పోయాయి.

సరిగ్గా అప్పుడే మామ పత్తి బండ్లతో విరుదునగరు వచ్చాడు. వెంట ఇద్దరు ఊరి పెద్దలు, భార్య, కూతురు. మేనల్లుడు డేరా వెనక గోడౌను గోడవైపు తిరిగి కూర్చున్నాడు. వాణ్ణి చూసి మామ ముఖం వికసించింది.

"చూసినావా, ఎంత నెమ్మదిగా ఉండాడో" అన్నాడు నాతో. "పైత్యం దిగిపోయింది. రేపు పొద్దున్నే అడగాల, మళ్ళా ఎక్కేలోపల."

వాడికి అసలు జబ్బు ఇదేనని చెప్పబోయాను.

"జబ్బంటే వాగడం గదప్పా. ఊరికే ఉండేటోనికి ఏం జబ్బు?" అన్నాడు. ఎంతో ప్రేమగా అన్నాడు, అందుకే కోప్పడలేకపోయాను.

పొద్దుగూకగానే అదే బొమ్మ ఆట మొదలైంది. మామా పెద్దలూ బెంచీల మీద, తల్లీ కూతుళ్ళు ఆడవాళ్ళ వైపు. వాడు నిలబడ్డాడు గాని, మాటల్ని లాగి లాగి తెచ్చుకుంటున్నాడు. నేను పెట్టె మీద పది చేతులతో వాయిస్తున్నాను. చివరి రీలుకు వచ్చాం. తెర మీద కుర్రాడు తల ఒక పక్కకు వాల్చి చూస్తున్నాడు. వేలినుంచి ఉంగరం తీశాడు. మావాడు బెత్తం దించేశాడు. మాట లేదు. ముందు జనం అది దుఃఖమనుకున్నారు. తర్వాత కదిలారు. వెనకనుంచి ఒక ఈల వచ్చింది. నేను పెట్టెను ఏడిపిస్తూ వాడివైపు చూస్తే, వాడు తెరను కాదు, నేలను చూస్తున్నాడు.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు లేచింది.

ఆడపిల్ల సొంత అన్నను కూడా వీధిలో గట్టిగా పిలవని రోజులవి. మామ కూతురు, తెరచీర వెనక నిలబడి, కుర్రాడి మాటలు మావాడు చెప్పినట్టే తమిళంలో అందుకుంది. అదే విరుపు, అదే దమ్ము. డేరా గప్‌చిప్. నా వేళ్ళు వాటంతటవే ఆమె వెంట పోయాయి. ఇక తోటమాలి కూతురు బదులు చెప్పాలి. ఆ చోట వాడు ఎప్పుడూ మాట పెట్టలేదు, ఆమెను మౌనంగానే నడిపించేవాడు. ఈమె తమిళం వదిలేసి మా ఇంటి తెలుగులో అంది.

"ఈ ఉంగరం నేను తీసుకోను బావా. ఇప్పుడు నువ్వు ఇచ్చేది ఇచ్చినట్టు గాదు. నీకు నవ్వొచ్చే నాడు ఇయ్యి. ఆ నాడు గూడా ఇయ్యాలనిపిస్తే, అప్పుడు తీసుకుంటా."

తెలుగు రానివాళ్ళు, ఆ తోటమాలి పిల్లది ఉత్తరదేశం కాబోలు, ఆ భాషలో మాట్లాడుతోంది అని తలలూపారు. తెలుగు వచ్చినవాళ్ళు సగం డేరా ఉన్నారు. వాళ్ళంతా నిటారుగా కూర్చున్నారు. బెంచీ మీద మామ మెడ ఆడవాళ్ళ వైపు తిరిగింది, మళ్ళీ ఇటు తిరగలేదు. తెర మీద తోటమాలి కూతురు ఏటివైపు నడుస్తోంది. చావడానికి పోతోందని అందరికీ తెలుసు, కోవిల్‌పట్టిలో ఆ నడకకే ఆడవాళ్ళు గుండెలు బాదుకునేవాళ్ళు. ఈమె మళ్ళీ తమిళం అందుకుని ఏమందనుకున్నారు? వానికి దాహంగా ఉంది, నీళ్ళు తేవడానికి పోతున్నాను అంది. తెర మీద ఆమె ఏట్లో దిగింది, వంగింది. బొమ్మ అయిపోయింది.

డేరా ఊగిపోయింది! తలపాగాలు ఎగిరాయి. ముసలివాళ్ళు బెంచీలెక్కారు. నీళ్ళు తెచ్చిందా, తాగించిందా అని ఒకడు నన్ను పట్టుకుని ఊపుతున్నాడు. ఇదంతా డేరా కంపెనీ కొత్తగా చేసిన ఏర్పాటనే జనం అనుకున్నారు. మగ బొమ్మకు మగ గొంతు, ఆడ బొమ్మకు ఆడ గొంతు, రేపు కూడా ఇట్లాగే కావాలని డేరా యజమాని దగ్గర గోల చేశారు. యజమాని తనకే ఆ ఆలోచన వచ్చినట్టు మీసం దువ్వుకున్నాడు. నేను పెట్టె మూయడం మరిచిపోయి ఆ సందట్లో నిలబడి ఏడ్చేశాను. వాడు మాత్రం తెర పక్కనే నిలబడి ఉన్నాడు. విన్నాడో లేదో ముఖం చూస్తే తెలియలేదు.

వాడికి కుదిరిందని చెబితే మీకు సంతోషంగా ఉంటుంది. కుదరలేదు. ఒక్క రాత్రి ఒక గొంతు వింటే పోయే చీకటి కాదది. పొద్దున వెళ్ళేసరికి డేరా వెనక ఫిల్ము డబ్బాల మీద అట్లాగే కూర్చున్నాడు. మామ వచ్చాడు, పెద్దలు వచ్చారు. మామ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిద్రపోలేదని తెలుస్తోంది. కాని అవతలి ఇంటికి మాటిచ్చి వచ్చాడు, పెద్దలు పక్కనే ఉన్నారు. ఆకువక్క ఉన్న పళ్ళెం వాడి ముందు పెట్టాడు. తల్లీ కూతుళ్ళు డేరా గుడ్డ చాటున నిలబడ్డారు.

"ఏమప్పా, పిల్ల మీద నీ ఉరిమె వదులుకుంటావా?" అని పెద్దల్లో ఒకాయన అడిగాడు.

వాడు పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. నేను మనసులో వద్దురా వద్దురా అనుకుంటున్నాను. వాడు ఆకులు తీసి, వక్క వాటిలో పెట్టి, చేయి చాచాడు.

"నా కాడ దానికి ఏముండాది మామా. తీసుకోండి" అన్నాడు. వారం రోజుల్లో తెర పక్కన కాకుండా వాడు అన్న పెద్ద మాట అదే.

మామ చేయి లేచింది గాని ముందుకు రాలేదు. అంతలో ఆ పిల్ల గుడ్డ తోసుకుని వచ్చేసింది. వాడి చేతిలోంచి ఆకువక్క తీసుకుని, మొత్తం ఒక్కసారే నోట్లో పెట్టుకుని నమలసాగింది.

మా ఇళ్ళలో పెళ్ళికాని పిల్ల ఆకు ముట్టదు. మొదటి ఆకు పెళ్ళిపీటల మీద మొగుడి చేతి నుంచి తీసుకోవాలి. వాళ్ళమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. పెద్దలిద్దరూ ఇచ్చినట్టా ఇవ్వనట్టా తేల్చుకోలేక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ పిల్ల రెండు బుగ్గలూ ఉబ్బి, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, తండ్రి ముఖంలోకి సూటిగా చూస్తూ నమిలింది. వాడు ఖాళీ చేయి అట్లాగే చాచి ఉన్నాడు. కాని తల ఎత్తాడు, ఆమెను చూస్తున్నాడు.

మామ మొలలోని సంచి విప్పి, సున్నం డబ్బీ తీశాడు.

"సున్నం లేకుండా తింటే నోరెట్ట పండుతాదే" అని, మూత తీసి కూతురి ముందు పట్టాడు.